తరగతి పరిశీలన: తనిఖీ కాదు, చేయూత

(ప్రత్యేక వ్యాసం)

తిరుపతి జిల్లా చంద్రగిరి మండలానికి ఒకవైపు తిరుపతి నగరం, మరొకవైపు శేషాచలం కొండల పాదాన ఉన్న పల్లెలు సరిహద్దులుగా ఉన్నాయి. ఇటువంటి మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలకు, మరొక ప్రాథమిక పాఠశాలకు పరిస్థితులలో ఎంతో తేడా ఉంటుంది. ఒకచోట తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉంటే, మరొకచోట ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టుకొని చదివించవలసి వస్తుంది. పాఠ్యపుస్తకం ఒక్కటే, శిక్షణ ఒక్కటే అయినా, తరగతి గది తలుపు మూసిన తరువాత లోపల జరిగే బోధన మాత్రం ఒక్కటి కాదు. ఆ బోధనను దగ్గరగా చూసి, ఉపాధ్యాయునికి ఉపయోగపడే మాట చెప్పడమే తరగతి పరిశీలన ఉద్దేశం.

అయితే చూడటం వేరు, చూసి మేలు చేయడం వేరు. పరిశీలకుడు గదిలో ఉన్నంతసేపు పాఠం చక్కగా సాగి, ఆయన వెళ్లిన మరునాడు పాత పద్ధతే కొనసాగితే, ఆ పరిశీలన వలన పిల్లలకు ఒరిగేది ఏమీ లేదు. ఇది ఊహించి చెప్పిన మాట కాదు. మన రాష్ట్రంలోని గ్రామీణ పాఠశాలల్లోనే శాస్త్రీయంగా తేలిన విషయం.

తనిఖీ నుండి మార్గదర్శనం వరకు

పాఠశాలల పరిశీలన మన ప్రాంతానికి కొత్త కాదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చంద్రగిరి తాలూకా మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1854 నాటి వుడ్ నివేదిక తరువాత మద్రాసు రాజధానిలో విద్యాశాఖ, పాఠశాలల ఇన్‌స్పెక్టర్ల వ్యవస్థ ఏర్పడ్డాయి. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో 'ఫలితాలను బట్టి గ్రాంటు' అనే విధానం అమలైంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి పిల్లలను పరీక్షించి, ఎందరు ఉత్తీర్ణులైతే ఆ మేరకు పాఠశాలకు గ్రాంటు మంజూరు చేయించేవారు. ఇన్‌స్పెక్టర్ రాక అంటే ఉపాధ్యాయుని జీవనోపాధికే పరీక్ష. ఆ విధానం 20వ శతాబ్ది ఆరంభంలో రద్దయినా, దానితో వచ్చిన భయం మాత్రం తరతరాలుగా కొనసాగింది. "ఇన్‌స్పెక్షన్ ఉంది" అనగానే గోడలకు చార్టులు వేలాడటం, రికార్డులు హడావుడిగా పూర్తి కావడం, వెనుక బెంచీ పిల్లలకు ముందుగానే జవాబులు నేర్పడం ఆ వారసత్వమే.

స్వాతంత్ర్యానంతరం ఈ ధోరణిని మార్చేందుకు అనేక ప్రయత్నాలు జరిగాయి. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పాఠశాలల పరిపాలన, విద్యాపరమైన పర్యవేక్షణ వేర్వేరుగా ఉండాలని, సమీపంలోని పాఠశాలలను ఒక సముదాయంగా కలిపి పరస్పరం సహకరించుకొనేలా చేయాలని సూచించింది. 1986 జాతీయ విద్యావిధానం స్కూల్ కాంప్లెక్సులకు, జిల్లా విద్యా శిక్షణ సంస్థలకు (డైట్) మార్గం వేసింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు కార్వేటినగరంలోని డైట్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంగా నిలిచింది.

బ్రిటన్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో 1980లలో ప్రయోగాత్మకంగా ఆరంభమై, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు అక్కడ కలుసుకొని, ఒకరు పాఠం చెబితే మిగిలినవారు చూసి చర్చించే అలవాటు ఆ కాలంలో బలపడింది. అనంతరం జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపెప్) ద్వారా మండల వనరుల కేంద్రాలు, 2001 తరువాత సర్వశిక్షా అభియాన్ ద్వారా క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు వచ్చారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడటంతో చంద్రగిరి మండలం కొత్త జిల్లాలో చేరింది. జిల్లాలు మారినా, పథకాల పేర్లు మారినా, ప్రశ్న మాత్రం ఒక్కటే: గదిలోకి వచ్చిన వ్యక్తి తప్పులు రాసుకొని పోయేందుకు వచ్చారా, తోడు నిలిచేందుకు వచ్చారా?

రాష్ట్ర అనుభవం చెప్పిన పాఠం

2005-06 విద్యాసంవత్సరంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల సహకారంతో ఒక పెద్ద అధ్యయనం ఆరంభమైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీనిని నిర్వహించారు. అందులో ఒక భాగంగా 100 గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు సంవత్సరారంభంలో పరీక్ష పెట్టి, ఏ నైపుణ్యంలో ఎవరు వెనుకబడ్డారో విశ్లేషించి ఉపాధ్యాయులకు లిఖితపూర్వక నివేదిక ఇచ్చారు. ఆ నివేదికను ఎలా వినియోగించుకోవాలో సూచనలు కూడా జతచేశారు. సంవత్సరం పొడవునా పరిశీలకులు వచ్చి తరగతులను గమనించారు. వీటి ఆధారంగా ఉపాధ్యాయులపై చర్య గాని, బహుమతి గాని లేదు.

ఈ అధ్యయన ఫలితాలు 2010లో ఎకనమిక్ జర్నల్ అనే పత్రికలో వెలువడ్డాయి. పరిశీలకులు చూస్తున్న సమయంలో ఈ పాఠశాలల ఉపాధ్యాయులు ఇతర పాఠశాలల వారికంటే ఎక్కువ శ్రద్ధగా బోధిస్తున్నట్లు కనిపించారు. కాని సంవత్సరాంతంలో పిల్లల మార్కులు మాత్రం ఈ కార్యక్రమం లేని పాఠశాలల పిల్లల మార్కులకంటే మెరుగ్గా లేవు. పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు ప్రోత్సాహకం ఇచ్చిన పాఠశాలలకు కూడా ఇదే నివేదిక అందింది. అక్కడ నివేదికను ఉపయోగించుకున్నామని చెప్పిన ఉపాధ్యాయుల తరగతుల్లో పిల్లల ఫలితాలు మెరుగ్గా కనిపించాయి.

దీని నుండి గ్రహించవలసినవి రెండు. మొదటిది, చూడటం వలన ఆ గంట మారుతుందే తప్ప ఏడాది మారదు. రెండవది, సమాచారం నిరుపయోగమైనది కాదు; దానిని వాడుకోవాలన్న కోరిక, వాడుకొనే దారి ఉపాధ్యాయునికి ఉన్నప్పుడే అది పిల్లవాని వరకు చేరుతుంది. కాగితంపై ఇచ్చిన నివేదికకు, ఎదురుగా కూర్చొని మాట్లాడి, మళ్లీ వచ్చి చూసే సహచరునికి మధ్య తేడా ఇక్కడే ఉన్నది.

ఇతర దేశాల అనుభవమూ దీనికి తోడు నిలుస్తోంది. మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ అనే పరిశోధకులు 2018లో 60 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. తరగతి గదిలోనే ఉపాధ్యాయునికి తోడుండి, చూసి, చెప్పి, మళ్లీ చూసే పద్ధతి వలన బోధనలోనూ, పిల్లల అభ్యసనలోనూ మెరుగుదల వచ్చినట్లు వారు తేల్చారు. అయితే కొద్దిమంది ఉపాధ్యాయులతో నడిచినప్పుడు కనిపించిన ఫలితం, వందల మందికి విస్తరించినప్పుడు తగ్గినట్లు కూడా వారే పేర్కొన్నారు. సంఖ్య పెరిగేకొద్దీ నాణ్యత పలచబడకుండా చూసుకోవలసి ఉన్నది.

మూడు దశలు

తరగతి పరిశీలనను ఒక క్రమమైన పద్ధతిగా తీర్చిదిద్దినవారు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మోరిస్ కోగన్, రాబర్ట్ గోల్డ్‌హామర్. 1950ల చివరి నుండి వారు రూపొందించిన ఈ విధానం సారాంశం సులభమైనదే. పాఠానికి ముందు మాట్లాడాలి. పాఠాన్ని చూడాలి. చూసినదానిని విశ్లేషించుకొని, ఆ తరువాత మళ్లీ మాట్లాడాలి.

పాఠానికి ముందు: పరిశీలకుడు కనీసం పది నిమిషాలు ముందుగా వచ్చి ఉపాధ్యాయునితో మాట్లాడవలెను. నేటి పాఠం ఏమిటి, పాఠం ముగిసేసరికి పిల్లలు ఏమి చేయగలగాలి, ఏ పిల్లల విషయంలో ఇబ్బంది ఉన్నది, ముఖ్యంగా ఏ అంశాన్ని గమనించమంటారు అన్నవి అడిగి తెలుసుకోవలెను. ఏమి గమనించాలో ఉపాధ్యాయుడే చెప్పినప్పుడు పరిశీలన ఆయనపై జరిగే విచారణ కాకుండా, ఆయన కోసం జరిగే పని అవుతుంది.

పాఠం జరుగుతుండగా: పరిశీలకుడు వెనుక గాని, పక్కన గాని కూర్చొని, పాఠానికి అడ్డు రాకుండా చూడవలెను. మధ్యలో లేచి పిల్లలను ప్రశ్నించడం, ఉపాధ్యాయుని సవరించడం తగదు. పిల్లల ముందు ఉపాధ్యాయుని గౌరవానికి ఏ మాత్రం భంగం కలిగినా, ఆ తరువాత ఇచ్చే సూచన ఎంత మంచిదైనా చెవికెక్కదు. రాసుకొనేది కూడా అభిప్రాయంగా కాక, జరిగినది జరిగినట్లు ఉండాలి. "బోధన చప్పగా ఉన్నది" అన్నది అభిప్రాయం. "పది ప్రశ్నలు అడిగారు; ఎనిమిదింటికి ముందు వరుస పిల్లలే జవాబు చెప్పారు" అన్నది ఆధారం.

ఈ ఆధారాలను సేకరించే పద్ధతులలో నెడ్ ఫ్లాండర్స్ రూపొందించినది బి.ఇడి. చదివినవారికి సుపరిచితమే. తరగతిలో జరిగే మాటలను 10 వర్గాలుగా విభజించి, ప్రతి 3 సెకన్లకు ఒకసారి గుర్తు పెట్టుకుంటూ పోతే, ఉపాధ్యాయుడు ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు అన్నది లెక్క తేలుతుంది. అంత సూక్ష్మంగా చేయలేకపోయినా, తరగతి గది పటం గీసుకొని ఏ పిల్లవానికి ఎన్నిసార్లు అవకాశం వచ్చిందో గీతలు పెట్టుకుంటే చాలు. ఆ కాగితం చూసినప్పుడు ఉపాధ్యాయునికి తాను ఎన్నడూ గమనించని విషయం కనిపిస్తుంది.

పాఠం తరువాత: అదే రోజు, వీలైతే ఆ తరువాతి విరామంలోనే, ఇతరులు లేనిచోట కూర్చొని మాట్లాడవలెను. ముందుగా ఉపాధ్యాయుని అభిప్రాయం అడగాలి. తరువాత బాగా జరిగినదానిని ఆధారంతో చెప్పాలి. చివరగా ఒకే ఒక్క మార్పును ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. పన్నెండు లోపాల జాబితా చేతికిస్తే ఒక్కటీ సరికాదు.

ఒక ఉదాహరణ

ఈ పద్ధతి ఎలా సాగుతుందో తెలిసేందుకు ఒక ఊహాత్మక సందర్భాన్ని చూడవచ్చు. మూడవ తరగతిలో తీసివేత పాఠం. ఉపాధ్యాయురాలు నల్లబల్లపై మూడు లెక్కలు చక్కగా చేసి చూపి, "అర్థమైందా?" అని అడిగారు. పిల్లలంతా ఒక్క గొంతుతో "అర్థమైంది టీచర్" అన్నారు. తరువాత 52 నుండి 27 తీసివేయమని ఇచ్చారు. పరిశీలనకు వచ్చిన కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులు పిల్లల నోటుపుస్తకాలు చూడగా, 24 మందిలో 9 మంది 35 అని రాశారు.

"పిల్లలకు లెక్కలు రావడం లేదు, ఇంకా కష్టపడాలి" అని రిజిస్టర్‌లో రాసి వెళ్లడం పాత పద్ధతి. అది నిజమే కావచ్చును గాని, రేపు ఉదయం ఆ ఉపాధ్యాయురాలు ఏమి చేయాలో అందులో లేదు. దానికి బదులు ఆయన మూడు నోటుపుస్తకాలు ఆమె ముందుంచి ఇలా మాట్లాడవచ్చు.

"అమ్మా, మీరు ఒక్కొక్క మెట్టునూ బల్లపై రాసిన తీరు స్పష్టంగా ఉంది. పిల్లలు దానిని అలాగే దించుకున్నారు. ఈ ముగ్గురికీ 35 ఎలా వచ్చి ఉంటుందంటారు?"

ఆమె చూసి, "రెండులోంచి ఏడు పోదు కదా సార్, అందుకని ఏడులోంచి రెండు తీసేసినట్టున్నారు" అంటారు.

"అవును. అయితే వాళ్లకు తీసివేత రాదని కాదు, పదిని విడదీయడం అందలేదు. రేపు ఏమి చేద్దామనుకుంటున్నారు?"

"చీపురు పుల్లలు పదేసి కట్టలుగా కట్టించి, ఒక కట్ట విప్పించి చూపిస్తాను సార్."

"మంచిది. 'అర్థమైందా' అని అడగడానికి బదులు, ఒక్క లెక్క పలకపై చేసి పైకెత్తమంటే మీకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. వచ్చే గురువారం మళ్లీ వస్తాను. ఈ తొమ్మిది మంది పుస్తకాలే చూద్దాం."

ఈ సంభాషణలో లోపాన్ని కనిపెట్టినది ఉపాధ్యాయురాలే. పరిహారం చెప్పినదీ ఆమెయే. పరిశీలకుడు ఆధారాన్ని ముందుంచి, ఒక చిన్న మెళకువ జోడించి, మళ్లీ వచ్చే రోజు చెప్పారు. ఆ చివరి మాటే అన్నింటికంటే ముఖ్యమైనది. తిరిగి రాని పరిశీలకుని సూచన రిజిస్టర్‌లోనే మిగిలిపోతుంది.

మాట తీరులో జాగ్రత్త

సూచన చేసిన ప్రతిసారీ మేలు జరుగుతుందని అనుకోరాదు. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు 1996లో వివిధ రంగాలలోని అధ్యయనాలను సమీక్షించి, సగటున ఫీడ్‌బ్యాక్ వలన పని మెరుగుపడినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో పనితీరు దిగజారిందని కనుగొన్నారు. మాట పని మీద నుండి మనిషి మీదకు మళ్లేకొద్దీ ఫలితం తగ్గుతుందని వారు వివరించారు. "మీరు మంచి టీచర్", "మీకు ఓపిక లేదు" అన్న రెండు మాటలూ మనిషిని గురించినవే. మొదటిది మెప్పు, రెండవది నింద. రెండింటిలోనూ రేపటి పాఠానికి పనికివచ్చేది లేదు.

పొరుగు ఉపాధ్యాయునితో పోల్చడం, ఇతరుల ఎదుట లోపాలను ప్రస్తావించడం, సమావేశంలో పేరు పెట్టి చెప్పడం మానుకోవలెను. ఉపాధ్యాయునికి కూడా బదులు చెప్పే అవకాశం ఉండాలి. నోటుపుస్తకాలు ఆలస్యంగా అందాయని, ఇతర విధులకు పిలవడంతో పాఠాలు వెనుకబడ్డాయని ఆయన చెబితే, దానిని సాకుగా కొట్టివేయక రాసుకొని పై అధికారులకు తెలియజేయడం పరిశీలకుని బాధ్యత. ఉపాధ్యాయుని చేతిలో లేనిదానికి ఆయనను బాధ్యుని చేయడం న్యాయం కాదు.

ఒకే గదిలో అనేక తరగతులు

ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులకు బోధించే పాఠశాలల్లో పరిశీలన మరింత మెళకువతో సాగాలి. ఈ విషయంలో మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ అనుభవం విలువైనది. నాడు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఉన్న ఆ సంస్థకు చెందిన గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో ఉపగ్రహ పాఠశాలలను నెలకొల్పి, బహుళ తరగతి, బహుళ స్థాయి బోధన పద్ధతిని అభివృద్ధి చేసింది. పాఠ్యాంశాలను చిన్న చిన్న కార్డులుగా విభజించి, నిచ్చెన మెట్ల వలె అమర్చి, ప్రతి పిల్లవాడూ తన వేగంతో ఎక్కేలా చేశారు. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల్లో తరువాత అమలైన కృత్యాధార బోధనకు ఇదే ప్రేరణ.

ఇటువంటి గదిలో నల్లబల్ల వైపు మాత్రమే చూసే పరిశీలకునికి ఉపాధ్యాయుడు ఏమీ బోధించడం లేదనే అనిపిస్తుంది. పిల్లల గుంపుల మధ్య కూర్చొని, ఎవరు పనిలో ఉన్నారు, ఎవరు వేచి ఉన్నారు, ఉపాధ్యాయుని సాయం కోసం ఎంతసేపు ఎదురుచూశారు అన్నది గమనిస్తేనే అసలు బోధన కనిపిస్తుంది. బోధన తీరును బట్టి పరిశీలన తీరు మారవలసి ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

మార్కులు ఎందుకు, ఎంతవరకు

ప్రపంచ బ్యాంకు 2019లో 'టీచ్' అనే పరిశీలన సాధనాన్ని విడుదల చేసింది. ఇందులో 15 నిమిషాల చొప్పున రెండుసార్లు తరగతిని గమనించి, తరగతి వాతావరణం, బోధన, పిల్లల సామాజిక భావోద్వేగ నైపుణ్యాలు అనే మూడు విభాగాల కింద 9 అంశాలకు 1 నుండి 5 వరకు విలువ ఇస్తారు. పరిశీలకులు ముందుగా శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణులు కావలసి ఉంటుంది. 2021లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం ఆమోదించిన 'సాల్ట్' పథకంలో భాగంగా ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ సాధనాన్ని వినియోగించారు.

ఇటువంటి సాధనాల వలన ఒక ప్రయోజనం ఉన్నది. వేర్వేరు పరిశీలకులు ఒకే కొలతతో చూస్తారు. రాష్ట్రస్థాయిలో ఏ అంశంపై శిక్షణ అవసరమో తెలుస్తుంది. అయితే ఆ అంకె ఉపాధ్యాయునికి ఇచ్చే సూచనకు ప్రత్యామ్నాయం కాదు. "మీకు 2 వచ్చింది" అన్న మాటతో ఎవరూ నేర్చుకోలేరు. అలాగే ఒక్క పాఠాన్ని ఒక్కరే చూసి వేసిన విలువ ఆధారంగా ఒక ఉపాధ్యాయుని సామర్థ్యాన్ని నిర్ణయించడం కూడా సరికాదు. ఇద్దరు ముగ్గురు వేర్వేరు రోజులలో చూసినప్పుడే చిత్రం స్పష్టమవుతుంది.

అన్నింటికంటే ముఖ్యంగా, సాయపడేందుకు చేసే పరిశీలనను, చర్య తీసుకొనేందుకు చేసే తనిఖీని ఒకే కాగితంపై కలపరాదు. రెండూ అవసరమే. హాజరు, నిధుల వినియోగం, మధ్యాహ్న భోజనం వంటివాటిపై తనిఖీ తప్పదు. కాని తన బలహీనతను చెప్పుకుంటే అది రేపు మెమోగా తిరిగివస్తుందన్న అనుమానం ఉన్నంతకాలం ఏ ఉపాధ్యాయుడూ "నాకు ఈ పాఠం చెప్పడం రావడం లేదు" అని అనలేరు. ఆ ఒక్క మాట అనగలిగిన చోటనే మార్పు మొదలవుతుంది. ఆరు దశాబ్దాల క్రితం కొఠారీ కమిషన్ ఈ రెండింటినీ వేరు చేయమన్నది ఇందుకే.

కాంప్లెక్స్ సమావేశాలే వేదిక

ఈ పనికి కొత్త భవనాలు గాని, భారీ వ్యయం గాని అవసరం లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో ఒక ఉపాధ్యాయుడు నమూనా పాఠం చెప్పి, మిగిలినవారు చూసి చర్చించే ఏర్పాటు ఉన్నది. ఆ చర్చ పొగడ్తలతో ముగియకుండా, పిల్లల నోటుపుస్తకాలను మధ్యలో ఉంచుకొని సాగితే అది ఉత్తమ శిక్షణ అవుతుంది. జపాన్‌లో ఉపాధ్యాయులు కలిసి పాఠం సిద్ధం చేసుకొని, ఒకరు బోధించగా అందరూ పిల్లలను గమనించి, ఆ పాఠాన్ని సవరించుకొనే సంప్రదాయం ఎంతో కాలంగా ఉన్నది. అక్కడ చర్చకు వచ్చేది పాఠమే తప్ప, చెప్పిన మనిషి కాదు. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి వెచ్చించాలని నిర్దేశించింది. తోటి ఉపాధ్యాయుని తరగతిలో కూర్చొని చూసి, చర్చించడం కూడా అటువంటి అభివృద్ధికి మేలైన మార్గమే.

ప్రధానోపాధ్యాయులు నెలకు ఒక్కొక్క ఉపాధ్యాయుని తరగతిలో ఒక్క పీరియడ్ కూర్చొని, ఒక్క అంశంపై మాట్లాడి, మరుసటి నెలలో అదే అంశాన్ని మళ్లీ చూస్తే, సంవత్సరాంతానికి పలు అంశాలలో మార్పు చోటుచేసుకొనే వీలున్నది. 35 అని రాసిన ఆ తొమ్మిది మంది పిల్లలు నాలుగవ తరగతికి వెళ్లేలోగా 25 అని రాయగలగాలి. తరగతి పరిశీలన ఫలించిందా లేదా అన్నదానికి రిజిస్టర్‌లోని సంతకాలు కాదు, ఆ నోటుపుస్తకాలే సాక్ష్యం.